ఒత్తుడే కాదు... లేపుడూ విద్యే!

బోధన్ (మా గ్రామీణ విలేఖరి): శక్కర్‌నగర్ దాటి పొలాల వైపు వెళ్ళే దారిలో ఒక పెంకుటిల్లు ఉంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఆ ఇంట్లోంచి ఒక వింత పాట వినబడుతోంది. భజన కాదు, సినిమా పాట కాదు, నాటకం పద్యమూ కాదు. మోగుతున్నది మాత్రం మనకు తెలిసిన హార్మోనియం పెట్టే. దారిన పోయేవారు ఒక నిమిషం ఆగి, "ఇదేం రాగమో" అనుకుంటూ వెళ్ళిపోతున్నారు.

దాదాపు మూడు వందల ఏళ్ళ క్రితం జర్మనీ చర్చిల్లో మోగిన సంగీతం అది. కట్టినాయన పేరు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. 1685లో పుట్టి 1750లో కన్నుమూశారు. ఆ కాలంలో ఆర్గన్ వాయించడంలో ఆయనకు సాటి లేరని చెబుతారు.

ఈ పెంకుటింట్లో దాన్ని వాయిస్తున్న అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. నేర్పుతున్న పెద్దాయనకు డెబ్బయి ఆరేళ్ళు. చుట్టుపక్కల వాళ్ళంతా ఆయనను 'పెట్టె తాత' అంటారు. ఆయనకు ఇంగ్లీషు స్వరలిపి ఒక్క అక్షరం రాదు. బాఖ్ అనే పేరు ఆరు నెలల క్రితం వరకు వినలేదు. మరి ఆయన నేర్పుతున్నదేమిటన్న ప్రశ్నే ఈ విలేఖరిని ఆ ఇంటి దాకా తీసుకుపోయింది.

అమ్మాయి తండ్రి నిజాం షుగర్స్ కార్మికుడు. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక కొన్నాళ్ళు పనికోసం తిరిగి, చివరకు ఆటో నడుపుకుంటున్నాడు. అమ్మాయి చిన్నప్పటి నుంచి చర్చిలో కీబోర్డు వాయిస్తోంది. విని పట్టుకునే చెవి ఉంది. ఎవరో చెబితే విదేశీ సంస్థ ఒకటి పెట్టే సంగీతం పరీక్షకు కట్టింది. హైదరాబాదు పోయి రాసి వచ్చింది. రాయడమంటే వాయించడమే. ఫీజు తండ్రికి పదిహేను రోజుల సంపాదన. ఫలితం వచ్చింది. తప్పింది.

పరీక్షాధికారి పంపిన కాగితంలో రెండు మాటలు ఉన్నాయి. ఒకటి, స్వరాలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయని. రెండోది, బాఖ్ స్వరాల మీద పెట్టిన నగిషీలు తలకిందులుగా పలికాయని. తప్పు స్వరం ఒక్కటీ లేదు, తాళమూ తప్పలేదు. అయినా తప్పింది. అదే ఆమెకు మింగుడుపడలేదు. "స్వరాలన్నీ కరెక్టే కొట్టిన గదా అన్నా, ఇంకేం కావాలె వాళ్ళకు?" అని ఈ విలేఖరిని అడిగింది. అప్పటికి ఈ విలేఖరి దగ్గరా జవాబు లేదు.

జవాబు ఆమె వీధిలోనే దొరికింది. పెట్టె తాత శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో పాన్ హౌస్‌లో పని చేసి రిటైరయ్యారు. పగలు చెరుకు పాకం కాచడం, రాత్రి నాటకాలకు, భజనలకు, చిందు మేళాలకు పెట్టె వాయించడం. ముప్పయి ఏళ్ళ పైచిలుకు అదే బతుకు. ఒకరోజు అమ్మాయి ఇంట్లో కీబోర్డు మీద ఆ ముక్కను సాధన చేస్తుంటే గోడ అవతలి నుంచి విన్నారు. లోపలికి వచ్చి అడిగిన మొదటి మాట: "బిడ్డా, నువ్వు వేలు ఎప్పుడు లేపుతున్నవ్?"

"తర్వాతి మెట్టు ఒత్తినంక తాతా."

"గక్కడనే పోయింది. ఒత్తుడు అందరికొస్తది. లేపుడే విద్య. చెరుకు గడకు కణుపులున్నట్టు పాటకు కణుపులుండాలె. కణుపు లేంది గడనా? గది నీళ్ళ పైపు."

పరీక్షాధికారి ఇంగ్లీషులో రాసిందీ, పెట్టె తాత చెప్పిందీ ఒకే మాట.

గట్టిగా ఒత్తినా అంతే, మెల్లగా ఒత్తినా అంతే

ఇక్కడ ఆర్గన్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. మన పల్లె చర్చిల్లో ఆర్గన్ అంటే కరెంటు కీబోర్డో, కాలితో తొక్కే హార్మోనియమో. అసలు ఆర్గన్ అంటే గోడంత ఎత్తు చెక్క కట్టడం. నిండా గొట్టాలు. వేలెడు గొట్టం నుంచి తాటిచెట్టంత గొట్టం దాకా ఉంటాయి. ఒక గొట్టం ఒకే స్వరం పలుకుతుంది. వెనక పెద్ద పెద్ద తిత్తులు. మన కమ్మరి కొలిమి తిత్తి లాంటివే, కాకపోతే గది సైజువి. వాటిని తొక్కడానికి వేరే మనుషులుండేవారు. తిత్తి గాలి ఒక పెట్టెలో నిండి ఉంటుంది. వాయించేవాడు మెట్టు ఒత్తితే సన్నని చెక్క కడ్డీలు కదిలి గొట్టం కింద మూత తెరుచుకుంటుంది, గాలి దూరి గొట్టం పలుకుతుంది. వేలు తీస్తే మూత పడుతుంది, పలుకు ఆగుతుంది. మద్రాసులో సెయింట్ జార్జి కెథీడ్రల్, ఎగ్మోరు కిర్క్ లాంటి పాత చర్చిల్లో ఇలాంటి గొట్టాల ఆర్గన్లు పెట్టారు.

బాఖ్ గురించి ఆయన కొడుకు చెప్పిన ఒక ముచ్చట ఉంది. కొత్త ఆర్గన్‌ను పరీక్ష చేయడానికి పిలిస్తే ఆయన ముందుగా గొట్టాలన్నీ ఒక్కసారి పలికించి, దీనికి ఊపిరితిత్తులు గట్టివేనా అని చూసేవారట. పెట్టె తాతకు ఈ సంగతి చెబితే పకపకా నవ్వారు. ఎడ్ల సంతలో దూడ నోరు తెరిచి పళ్ళు చూసినట్టే అన్నారు.

ఆర్గన్‌తో ఒక చిక్కుంది. డప్పును గట్టిగా కొడితే గట్టిగా మోగుతుంది, మెల్లగా తడితే మెల్లగా. వీణ మీటూ అంతే. ఆర్గన్ మెట్టును గుద్దినా, తమలపాకుతో తాకినా పలికేది ఒకే తీరు. మూత తెరిచిందా లేదా అన్నదే లెక్క. ఇక తాళంలో సమం ఎక్కడుందో వినేవారికి ఎట్లా తెలియాలి? ఏ స్వరం పెద్దది, ఏది చిన్నది, పాట ఎక్కడ ఊపిరి పీల్చుకుంది?

దీనికి ఆ కాలపు వాద్యగాళ్ళు కనిపెట్టిన ఉపాయం మౌనం. సమం మీద స్వరం బలంగా వినబడాలంటే దానికి ముందున్న స్వరాన్ని రెప్పపాటు ముందే తెంపుతారు. ఆ చిన్న ఖాళీ వల్ల తర్వాతి స్వరం కొట్టినట్టు వినబడుతుంది. బలం పెరగలేదు, చెవికి మాత్రం పెరిగినట్టుంటుంది. బరువైన స్వరాన్ని కాస్త ఎక్కువసేపు పట్టి, తేలిక స్వరాన్ని తొందరగా వదలడం మరో ఉపాయం. సన్నాయి ఊదేవాడు నాలుకతో ఊపిరిని తెంపుతాడు. గాయకుడికి హల్లులున్నాయి. ఆర్గన్‌కు వేలు లేపడం తప్ప మరో దారి లేదు.

ఈ సంగతిని మార్పుర్గ్ అనే జర్మన్ పండితుడు 1755లో అచ్చు వేయించిన పుస్తకంలో పెట్టాడు. మామూలు వాయింపు అంటే తర్వాతి మెట్టు ఒత్తబోయే కొంచెం ముందు వెనకటి మెట్టు నుంచి వేలు తీయడమేనని ఆయన లెక్క. అంటే అంటించడమూ కాదు, తుంచడమూ కాదు. అంటించాలన్నా, తుంచాలన్నా లిపిలో గుర్తు పెడతారు. గుర్తు లేనిచోట ఈ నడిమి తీరు. ఇప్పటి పిల్లలు పియానో బడిలో మొదటిరోజు నుంచే స్వరాలు కలిపి వాయించడం నేర్చుకుంటారు. బాఖ్ కాలానికి అది తిరగబడ్డ పద్ధతి.

ఇంకో మనిషి గురించి చెబితే పాఠకులకు నమ్మకం కలుగుతుంది. ఫ్రాన్సులో ఎంగ్రామెల్ అనే సన్యాసి ఉండేవారు. చేత్తో తిప్పితే దానంతటదే పాట వాయించే చిన్న ఆర్గన్లు ఆ రోజుల్లో ఉండేవి. లోపల దుంగ మీద మేకులు కొట్టి ఉంటాయి, మేకు తగిలినంతసేపు స్వరం మోగుతుంది. మేకు ఎంత పొడుగు ఉండాలో తెలియాలంటే మనిషి వాయించేటప్పుడు స్వరం ఎంతసేపు ఉంది, దాని వెనక మౌనం ఎంత ఉందో కొలవాలి. ఆయన కొలిచి 1775లో పుస్తకం రాశారు. ప్రతి స్వరానికీ రెండు భాగాలు, ఒకటి మోత, ఒకటి మౌనం. మౌనానికి మేకు లేదు, ఆ ఖాళీ వదలకపోతే పాట ముద్దయిపోతుందని తేల్చారు. మేకులు కొట్టుకునే మనిషికి తెలిసిన సంగతి మనలో చాలామంది కీబోర్డు వాద్యగాళ్ళకు ఇప్పటికీ తెలియదు.

మన చర్చిల్లోనూ, గణపతి మండపాల్లోనూ మైకుసెట్టు వాళ్ళు ఎకో మీట పైకి తిప్పి పెడతారు. ఎందుకు తిప్పుతారో వాళ్ళకే తెలియాలి. మోటబావిలోకి తొంగి మాట్లాడినట్టు ఒక మాట మీద ఇంకో మాట పడుతుంది. రాతి చర్చిల్లోనూ అంతే. అలాంటిచోట వేళ్ళ మధ్య ఖాళీ ఇంకా పెంచాలి, లేకపోతే గోడల చప్పుడే దాన్ని నింపేస్తుంది. చిన్న పెంకుటింట్లో ఖాళీ తగ్గించాలి, లేకపోతే పాట కుంటుతుంది. ఈ సూత్రం అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. తాత ఇంట్లో వాయించి, మరునాడు చర్చిలో వాయించి తనే పట్టుకుంది.

'తక' 'తక'

పెట్టె తాత నేర్పిన తీరు చిత్రమైనది. మొదటి రెండు వారాలు పెట్టె ముట్టనివ్వలేదు. బల్ల మీద వేళ్ళు పెట్టించి, 'తక తక తక తక' అని నోటితో చెప్పించారు. 'త' మీద వాలాలి, 'క' మీద తేలాలి, 'క' అయ్యాక వేలు లేవాలి. రెండు స్వరాలకు ఒక జంట. నాటకంలో పద్యానికి పెట్టె వాయించేవాడు నటుడి ఊపిరిని చూసుకోవాలని, నటుడు ఆగిన చోట పెట్టె ఆగకపోతే సభలో పరువు పోతుందని ఆయన అంటారు. ఆ నాటకాల్లో అలవాటైన వేళ్ళవి.

తమాషా ఏమిటంటే, బాఖ్ కూడా దాదాపు ఇదే చేశారు. 1720లో తన పెద్ద కొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్‌కు తొమ్మిదేళ్ళ వయసులో ఒక నోటు పుస్తకం కుట్టి ఇచ్చారు. అందులో మొదటి పాఠంలోనే ఏ స్వరానికి ఏ వేలో అంకెలు వేసి ఉన్నాయి. కుడిచేయి పైకి నడిచేటప్పుడు నడిమి వేలు, ఉంగరపు వేలు, మళ్ళీ నడిమి వేలు, ఉంగరపు వేలు. ఒకదాని మీంచి ఒకటి దాటుతూ పోవాలి. అలా దాటితే ప్రతి జంట వెనక చిన్న తెంపు దానంతటదే వస్తుంది. అమ్మాయి ఆ పేజీ ఫోనులో చూపించి అంకెలు చదివి చెప్పింది. పెట్టె తాత తన వేళ్ళు చూసుకుని, "గాయిన గూడ తక తకనే చెప్పిండు" అన్నారు.

అన్నీ ఆయన చెప్పినట్టే కుదిరాయని అనుకోవద్దు. నగిషీల దగ్గర గురువుకూ శిష్యురాలికీ ఒక వారం మాటలు లేవు.

అలల గీత

బాఖ్ కొడుకు పుస్తకంలోనే ఇంకో పట్టిక ఉంది. స్వరం నెత్తిన పెట్టే గుర్తులు, వాటి కింద అవి పలికే తీరు. నగిషీ అన్నామని మన సరళీ, జంట వరుసల తర్వాత వచ్చే అలంకారాలనుకోరాదు. ఇవి స్వరానికి తొడిగే ముక్కుపుడకలు, జూకాలు. చిన్న అలల గీత ఉంటే స్వరాన్ని పైస్వరంతో మార్చి మార్చి పలకాలి. మన సరిగమల్లో చెప్పాలంటే, 'స' నెత్తిన ఆ గీత ఉంటే 'రిసరిసరిస' అని పలకాలి. మొదలు పైస్వరం, అదీ సరిగ్గా తాళం దెబ్బ మీద. అదే అలల గీతకు నిలువుగా ఒక కోత ఉంటే 'సనిస' అని కింది స్వరాన్ని తాకి రావాలి. దీన్ని మొర్డెంట్ అంటారు. బాఖ్ పేరు మీద లోకమంతా ఎరిగిన టొకాటా ఒకటుంది, దయ్యాల సినిమాల్లో వాడి వాడి అరగదీశారు. అది మొదలయ్యేది మొర్డెంట్‌తోనే.

పెట్టె తాతకు అలవాటు వేరు. నాటకం పెట్టెలో కింది నుంచి ఎక్కి స్వరాన్ని కొట్టడం మర్యాద. 'స' నెత్తిన అలల గీత చూపిస్తే ఆయన 'సరిసరిస' అన్నారు. అమ్మాయి కాదంది. "నేను ముప్పయేండ్లు వాయించిన" అని తాత. "పరీక్ష నేను తప్పిన" అని అమ్మాయి. ఆ పరీక్ష కాగితంలో 'తలకిందులు' అన్నది సరిగ్గా ఈ తప్పునే. చివరకు అమ్మాయి పట్టికలోని స్వరాలను సరిగమలుగా తెలుగులో రాసుకొచ్చి ముందు పెట్టింది. పెద్దాయన చదివి, రెండుసార్లు వాయించి చూశారు. పైస్వరం తాళం దెబ్బ మీద పడితే అడుగున మోగే స్వరంతో ఒక క్షణం గొడవ పడుతుంది, తర్వాత 'స' వచ్చి కలుస్తుంది. ఆ గొడవే దాని రుచి. "ఎవరి నగ వాళ్ళు చెప్పినట్టే పెట్టాలె. నాదే తప్పు బిడ్డా" అన్నారు. డెబ్బయి ఆరేళ్ళ మనిషి ఆ మాట అనడం ఈ విలేఖరి కళ్ళతో చూశాడు.

ఆ గొడవ రుచి ఇంకో నగిషీలోనూ ఉంది. చిన్న అక్షరంతో రాసిన స్వరం పెద్ద స్వరం మీద వాలి ఉంటుంది. మరో కొడుకు కార్ల్ ఫిలిప్ ఎమాన్యుయెల్ 1753లో రాసిన పుస్తకం ప్రకారం ఆ వాలిన స్వరం పెద్ద స్వరం కాలంలో సగం తీసుకుంటుంది, మూడు భాగాలుగా పోయే స్వరమైతే రెండు భాగాలు తనే తింటుంది. చుట్టానికి వచ్చి ఇల్లు తీసుకున్నట్టు. రెండూ అంటించి వాయించాలి, తర్వాత తెంపాలి. మళ్ళీ 'తక'.

అలల గీత కథ ఇంతటితో ఆగలేదు. నిజామాబాద్‌లో ఒక సంగీతం మాస్టారు ఈ విలేఖరికి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే పెద్ద గ్రంథం చూపించారు. ముత్తుస్వామి దీక్షితుల వంశంలోని సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురం సంస్థానంలో ఉండి రాసి, 1904లో అచ్చు వేయించినది. ఎట్టయపురం ఎక్కడో దక్షిణాన తమిళ దేశంలో ఉన్నా పుస్తకం మాత్రం తెలుగులో ఉంది. అందులో గమకాలకు గుర్తులున్నాయి. మొదటిది కంపితం. దాని గుర్తు ఏమిటనుకున్నారు? అలల గీత.

ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో చెప్పడం ఈ విలేఖరి పని కాదు గానీ, ఒక సంగతి తెలిసినదే. ఈ గ్రంథం రావడానికి పట్టుబట్టిన వారిలో ఎ.ఎం. చిన్నస్వామి మొదలియార్ ముఖ్యులు. మద్రాసు ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి, క్రైస్తవుడు. మన కీర్తనలు నశించిపోతాయన్న బెంగతో 1890లలో వాటిని యూరపు స్వరలిపిలో అచ్చు వేయడం మొదలుపెట్టి, సుబ్బరామ దీక్షితుల దగ్గర కూర్చుని స్వరాలు రాసుకున్నారు. అంటే రెండు లిపులూ ఒకే బల్ల మీదకు వచ్చిన రోజులు మన వాళ్ళ చరిత్రలోనే ఉన్నాయి.

గుర్తు ఒకటే, పని వేరు. దీక్షితుల అలల గీతకు వీణ తీగ మీద ఒకేచోట వేలుంచి ఊపాలి. బాఖ్ అలల గీతకు రెండు మెట్లు మార్చి మార్చి కొట్టాలి. తీగ సాగుతుంది, మెట్టు సాగదు. ఇక స్ఫురితం దగ్గరికొస్తే 'సస రిరి గగ' అని ఎక్కేటప్పుడు జంటలో రెండో స్వరాన్ని కింది స్వరం తాకి కొట్టాలి. మొర్డెంట్‌కు ఇది దగ్గరి చుట్టం. అమ్మాయికి మొర్డెంట్ కుదరక వేలు తడబడుతుంటే పెట్టె తాత జంట వరుసలు వాయించమన్నారు. నాలుగు రోజుల్లో కుదిరింది.

రేడియోకు పనికిరాని పెట్టె

తీగ సాగుతుంది, మెట్టు సాగదు అన్నామే, ఆ ఒక్క కారణానికి హార్మోనియం ఎన్నో మాటలు పడింది. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాన్ పేటెంటు తీసుకున్న పెట్టె ఇది. పాదిరీలతో, దొరలతో మన దేశానికి వచ్చింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ కాళ్ళ తిత్తి తీసేసి చేతి తిత్తి పెట్టి నేల మీద కూర్చుని వాయించేలా చేశాక ఊరూరా పాకింది. అయితే గమకం పలకదని, దాని శ్రుతులు మన శ్రుతులతో కలవవని పెద్దలు అన్నారు. 1940 మార్చి నుంచి ఆలిండియా రేడియో దాన్ని గడప తొక్కనివ్వలేదు. 1971 దాకా అదే తంతు. ముప్పయి ఏళ్ళు!

"రేడియోల మా పెట్టె వినపడకపోయేది. ఊర్ల మాత్రం పెట్టె లేనిదే తెర లేవకపోయేది" అంటారు తాత. మన జిల్లాకు పేరు తెచ్చి 2005లో కన్నుమూసిన చిందు ఎల్లమ్మ లాంటి కళాకారుల మేళాల్లో మద్దెల, తాళాల పక్కన పెట్టె కూచున్నది. రేడియో పెద్దలు చెప్పిన లోపం అబద్ధం కాదని కూడా తాతే ఒప్పుకుంటారు. తోడి కంపితం పెట్టెకు రాదు. రాదు గనుకనే పక్క మెట్టును గీకినట్టు తాకి వదలడం, ఒక్క స్వరాన్ని రెండు వేళ్ళతో మార్చి కొట్టడం, స్వరం వెనక ఖాళీ వదిలి వినేవాడి చెవిని ఊరించడం నేర్చుకున్నామని ఆయన వివరించారు. ఊపలేని వాద్యం కట్టుకున్న నగలు అవి. ఆర్గన్‌దీ అదే గతి.

ఇప్పుడు పెట్టె బాగుచేసేవారు కరువయ్యారు. రీడు అంటే సన్నని ఇత్తడి రేకు. కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. ఒక వెంట్రుక ఎక్కువ గీకితే రేకు పోయినట్టే. ఆ పని తెలిసినవారు ఒకప్పుడు నిజామాబాద్ పట్టణంలో ఇద్దరు ముగ్గురు ఉండేవారని తాత చెబుతున్నారు. ఆయన పెట్టెలో రెండు రీడ్లు గురగురమంటున్నాయి. చూపించడానికి హైదరాబాదు తీసుకుపోవాలి, తీసుకుపోయేవారు లేరు. కొడుకులిద్దరూ గల్ఫ్‌లో ఉన్నారు. కీబోర్డులో మీట నొక్కితే తబలా, తాళం, తంబూరా అన్నీ అదే వాయిస్తుంది. పిల్లలకు వేలు లేపే పనే లేదు. చెడ్డదని కాదు, అందులో ఆర్గన్ శబ్దం పెట్టుకునే ఈ అమ్మాయి సాధన చేస్తోంది. కానీ వేలు తీసినా కీబోర్డు పలుకు కొంచెం సాగేలా కంపెనీ వాళ్ళు పెట్టి ఉంచారు. ఆ సాగుడు ఆపేసే మీట ఎక్కడుందో వెతకడానికి ఆమెకు వారం పట్టింది.

మరో కష్టం పెట్టె తాత ఎడమచేయిది. ఏడాదిగా వణుకుతోంది. తిత్తి ఊదలేకపోతున్నారు. గాలి తగ్గితే స్వరం వాడిపోతుంది, ఒక్కసారి నొక్కితే కీచుమంటుంది. అందుకే ఆయన వాయించి చూపించాల్సినప్పుడు అమ్మాయి పక్కన కూర్చుని తిత్తి ఊదుతోంది. బాఖ్‌కు తిత్తి తొక్కడానికి మనుషులుండేవారని ఆమె చెబితే, "వాండ్లకు జీతమెంతనట?" అని అడిగారు.

మళ్ళీ పరీక్ష ఫీజు కట్టారు. ఈసారి తండ్రి అప్పు చేయలేదు, ఆరు నెలలుగా రోజూ కొంత పక్కన పెట్టాడు. ఇంకో నెల ఉంది. మొన్న ఆదివారం ఈ విలేఖరి వెళ్ళేసరికి ఆమె ఆ ముక్కను మొదటి నుంచి చివరిదాకా వాయిస్తోంది. సంగీతం తెలియని ఈ విలేఖరికి కూడా తేడా తెలిసింది. వెనక ఒకే దారంలా సాగిన పాట ఇప్పుడు మాటల్లా విడివిడిగా వినబడుతోంది. నడుమ ఒకచోట అలల గీత దగ్గర వేళ్ళు తడబడ్డాయి. తాత ఏమీ అనలేదు, రెండు వేళ్ళు ఎత్తి చూపారు. ఆమె ఆ చోటు మళ్ళీ వాయించింది.

చివర నాలుగు స్వరాలు కలిసి మోగుతాయి. వాటిని ఒక్కసారిగా వదలాలి. ఒక వేలు ముందు, ఒక వేలు వెనక లేస్తే అన్ని నిమిషాల కష్టం ఆఖర్లో పుల్లిరిచినట్టు అవుతుంది. ఆమె వదిలింది. బయట తండ్రి ఆటో హారన్ కొట్టాడు. ఆమె లేవబోయింది.

"చిటికెన వేలు వెనక లేసింది. ఆఖరుది ఇంకొక్కసారి" అన్నారు పెట్టె తాత, తిత్తి వైపు చెయ్యి చాపుతూ.